మెడికల్ కాలేజీల్లో ఖాళీలు నింపితే సరిపోదు



ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో అధ్యాపకుల కొరత గురించి వార్త వచ్చిన ప్రతిసారీ చర్చ అంకెల దగ్గరే ఆగిపోతోంది. ఎన్ని పోస్టులు, ఎన్ని ఖాళీలు, ఎన్నింటికి నోటిఫికేషన్. ఉన్న అధ్యాపకుల ఉద్యోగం ఏపాటి గట్టిది, కాలేజీ నడిచే తీరులో వాళ్ల మాటకు విలువెంత అని అడిగేవారు లేరు. నా ఉద్దేశంలో అసలు జబ్బు అక్కడే ఉంది.

తెలంగాణ ఏర్పడేనాటికి ఇక్కడ ఐదే ప్రభుత్వ మెడికల్ కాలేజీలు. 2025 నాటికి 34. జిల్లాకో కాలేజీ రావడం మంచిదే, కాదనను. కానీ 2025లో జాతీయ వైద్య కమిషన్ ఆ 34లో 26 కాలేజీలకు షోకాజ్ నోటీసులిచ్చి, జూన్‌లో మన అధికారులను ఢిల్లీకి పిలిపించింది. ఏళ్ల తరబడి కదలని ప్రమోషన్ల ఫైళ్లు ఆ తర్వాత గానీ కదల్లేదు. ఇన్‌ఛార్జీలతో నెట్టుకొస్తున్న కాలేజీలకు రెగ్యులర్ ప్రిన్సిపాళ్లు అప్పుడే వచ్చారు. 607 అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు నోటిఫికేషన్ కూడా ఆ నెలాఖరుకే పడింది. ఇవన్నీ అంతకు ముందే చేయడానికి అడ్డొచ్చిందేమిటి? సీట్లు పోతాయన్న భయం తప్ప మన సర్కారును కదిలించేది ఇంకేదీ లేదా?

పొద్దున్నే ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర వరంగల్ వైపు వెళ్లే బస్సుల కోసం నిలబడేవారిలో డాక్టర్లూ ఉంటారు. రోజూ అప్ అండ్ డౌన్. కాలేజీ ఆవరణలోకి చేరాక ఫోన్‌కు ముఖం చూపిస్తేనే హాజరు పడుతుంది కాబట్టి బస్సు ఆలస్యమైతే వాళ్ల కంగారు చూడాలి. మా చిల్కానగర్‌లో మా వీధి అమ్మాయి అలాగే ఒక జిల్లా కాలేజీకి వెళ్తోంది. కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్. ఎంబీబీఎస్ పిల్లలు తాము చూడని కేసులకు కూడా లాగ్‌బుక్కులో సంతకం కోసం వస్తారట. పెట్టనంటే, పైనుంచి "పెట్టేయమ్మా" అని మాట వస్తుందట. ఎందుకు ఒప్పుకుంటావని అడిగాను. "మార్చి 31 దాటితే ఉంటనో ఉండనో తెల్వది అంకుల్, నేనేం మాట్లాడ్త?" అంది.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ జవాబులో ఉంది. చదువు రాని విద్యార్థిని ఫెయిల్ చేయాలన్నా, తనిఖీకి వచ్చినవారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నా ముందు ఆ అధ్యాపకుడి ఉద్యోగం నిలబడాలి. ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూసే మనిషి ఎవరికి ఎదురు చెబుతాడు? ఆ లాగ్‌బుక్కు నింపిన కుర్రాడే రేపు గాంధీ ఆస్పత్రి క్యాజువాల్టీలోనో, మా నాచారం ఈఎస్ఐలోనో మనకు సూది వేస్తాడు.

ఇక పాలన సంగతి. పరీక్షలు పెట్టి పట్టాలిచ్చేది వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం. ప్రభుత్వ కాలేజీల్లో బదిలీలూ ప్రమోషన్లూ చూసేది వైద్య విద్య డైరెక్టర్ ఆఫీసు. సీట్లకు అనుమతులిచ్చేది ఢిల్లీలోని జాతీయ వైద్య కమిషన్. ప్రైవేటులో అయితే పెత్తనమంతా మేనేజ్‌మెంట్లదే. పాఠం చెప్పేవాడు వీళ్లందరికీ జవాబుదారీ, వీళ్లెవరూ వాడికి జవాబుదారీ కారు. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం విజయవాడలో పెట్టిన ఆరోగ్య విశ్వవిద్యాలయం నమూనానే మనకూ వచ్చింది. అక్కడ ఆ విశ్వవిద్యాలయం పేరు 2022లో ఒకసారి, 2024లో మరోసారి మార్చారు. పేరు కోసం అంత రభస జరిగింది గానీ, పాలకమండలిలో అధ్యాపకులకు చోటు గురించి అందులో పదో వంతు చర్చ కూడా జరగలేదు.

పదవీకాలానికి చట్టం రక్షణ ఉంటే ఏమవుతుందో చూడాలంటే మన తెలుగువాడి కథే ఉంది. దేశంలో తొలి విజయవంతమైన గుండెమార్పిడి 1994లో చేసిన డాక్టర్ పి. వేణుగోపాల్ రాజమండ్రిలో పుట్టినవారు. 2003 జులైలో ఐదేళ్ల కాలానికి ఎయిమ్స్ డైరెక్టరయ్యారు. ఆరోగ్య మంత్రి అన్బుమణి రామదాసుతో పొసగక 2006 జులైలో తొలగింపు దాకా వెళ్లింది. ఢిల్లీ హైకోర్టు అడ్డుపడింది. అప్పుడు ఏకంగా చట్టాన్నే సవరించి డైరెక్టర్ పదవికి 65 ఏళ్ల హద్దు పెట్టారు. ఆ దెబ్బ తగిలింది ఆయనొక్కరికే. 2008 మే 8న సుప్రీంకోర్టు, ఇది ఒక్క మనిషి కోసం చేసిన చట్టమని కొట్టేసింది. పదవీకాలం రెండు నెలలు కూడా మిగలకపోయినా ఆయన మళ్లీ ఆ కుర్చీలో కూర్చున్నారు.   ఐదేళ్లని ఇచ్చిన మాట ఐదేళ్లూ నిలబడాలన్నదే ఇక్కడ ముఖ్యం. అంత పెద్ద డాక్టరుకే సుప్రీంకోర్టు దాకా వెళ్లక తప్పలేదంటే, జిల్లా కాలేజీలో కాంట్రాక్టు డాక్టరు ఏ కోర్టుకు వెళ్తుంది?

పర్మనెంట్ చేస్తే కాలేజీకి రారు, సొంత క్లినిక్కులు చూసుకుంటారు అంటారు. అలాంటివారు లేకపోలేదు. వాళ్ల మీద చర్య తీసుకోండి, ఫోన్ హాజరు ఉండనే ఉంది. ఇంకో అభ్యంతరం బలమైనది. 2019లో బోధన వైద్యుల రిటైర్మెంట్ వయసును 65కు పెంచినప్పుడు కింది వారి ప్రమోషన్లకు దారి మూసుకుపోతుందని గోల జరిగింది. అది న్యాయమైన గోల. పైవాడికి భద్రత ఇచ్చి కిందివాడిని పదేళ్లు అదే హోదాలో ఉంచితే వాడు కార్పొరేట్ ఆస్పత్రికి పోతాడు. అందుకే ఖాళీలతో నిమిత్తం లేకుండా, నిర్ణీత సర్వీసు పూర్తికాగానే ప్రమోషన్ రావాలి.

కాంట్రాక్టు పద్ధతిలో అధ్యాపకులను తీసుకోవడం ప్రభుత్వం మానుకోవాలి. ప్రిన్సిపాల్‌కు నిర్ణీత పదవీకాలం ఇవ్వాలి, మధ్యలో తొలగిస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ఆరోగ్య విశ్వవిద్యాలయ పాలకమండలిలో అధ్యాపకులు తామే ఓటేసి ఎన్నుకున్న ప్రతినిధులుండేలా చట్టం సవరించాలి. అందాకా కనీసం ప్రతి కాలేజీ తన అధ్యాపకుల్లో రెగ్యులర్ ఎందరో, కాంట్రాక్టు ఎందరో, డిప్యుటేషన్ మీద వచ్చినవారెందరో నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఆ వివరాలు కాలేజీల వారీగా సేకరించి ప్రచురించాలని మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు
చిల్కానగర్, ఉప్పల్, హైదరాబాద్