నడుము డిస్క్‌కు ‘ఎంజైమ్ ఇంజెక్షన్’.. ఆపరేషన్ తప్పుతుందా?

రాప్తాడు వైపు వేరుశనగ మూటలు ఎత్తేవాళ్లకైనా, బెంగళూరు హైవేపై రోజంతా లారీ నడిపేవాళ్లకైనా నడుం నొప్పి కొత్త కాదు. ఆ నొప్పి పిరుదు నుంచి కాలిలోకి పాకి, స్కానింగ్‌లో ‘డిస్క్ జారింది’ అని తేలితే మాత్రం ఆపరేషన్ భయం పట్టుకుంటుంది. అందుకే ‘ఒక్క ఇంజెక్షన్‌తో డిస్క్ కరుగుతుంది’ అన్న మాట ఆశ పెడుతుంది. అందులో నిజమెంత?

ఎలా పనిచేస్తుంది?

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండేదే డిస్క్. దాని లోపల నీటిని పట్టి ఉంచే జిగురు పదార్థం ఉంటుంది. అది బయటికి పొడుచుకొచ్చి నరాన్ని నొక్కితే కాలు లాగేస్తుంది. ఎక్స్‌రేలో చూస్తూ సన్నని సూదితో డిస్క్‌లోకి ఎంజైమ్ పంపితే, ఆ జిగురు నీటిని వదిలి కుంచించుకుంటుంది. నరంపై ఒత్తిడి తగ్గుతుంది. కోత ఉండదు.

ఇది కొత్త వైద్యమా?

కాదు. బొప్పాయి పాల నుంచి తీసే కైమోపాపైన్‌కు అమెరికా 1982లోనే అనుమతిచ్చింది. కొందరిలో తీవ్రమైన అలర్జీ, అరుదుగా నరాలకు హాని కనిపించడంతో వాడకం పడిపోయింది. 2003లో అక్కడ అమ్మకం ఆగిపోయింది. తర్వాత 2018లో జపాన్ కొండోలియేజ్ అనే మరో ఎంజైమ్‌ను ఆమోదించింది. బ్యాక్టీరియా నుంచి తయారయ్యే ఇది చుట్టుపక్కల ప్రొటీన్ల జోలికి పోదు. అలర్జీ ముప్పు ఉన్నందున ఒక మనిషికి ఒక్కసారే ఇస్తారు. డిస్క్ జారిన ప్రతి ఒక్కరికీ ఇది పనికిరాదు.

మన దగ్గర ఇచ్చేది ఏది?

మన ఆసుపత్రుల్లో ‘నడుముకు ఇంజెక్షన్’ అంటే ఎక్కువగా స్టెరాయిడే. వాపును, నొప్పిని కొంతకాలం తగ్గిస్తుందే తప్ప డిస్క్‌ను కరిగించదు. కొన్నిచోట్ల ఓజోన్ వాయువు ఎక్కిస్తారు. అది కూడా ఎంజైమ్ కాదు. కాబట్టి డబ్బు కట్టే ముందే మందు పేరు కాగితంపై రాయించుకోండి. అది దేనికి పనిచేస్తుందో, ఎంతకాలం ఉపశమనం ఇస్తుందో అడగండి.

తొందర ఎప్పుడు పడాలి?

చాలామందికి మందులు, ఫిజియోథెరపీతో 6 నుంచి 12 వారాల్లో నొప్పి తగ్గుముఖం పడుతుంది. అప్పు చేసి ఇంజెక్షన్‌కు పరుగెత్తక్కర్లేదు. కానీ మూత్రం ఆగిపోయినా, మలమూత్రాలపై పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకపోయినా ఒక్క రోజు కూడా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లండి. ఆపరేషన్ తప్పదంటే, అది ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వస్తుందో లేదో ముందుగా ఆసుపత్రిలోని వైద్య మిత్రను గానీ, 104 నంబరులో గానీ అడగండి.