ప్రయోగశాలలో మార్కులు దేనికి?

తెలుగు చెప్పుకునే మేము రసాయన ప్రయోగశాలను గురించి కలం పట్టడం కొందరు పాఠకులకు వింతగా తోచవచ్చు. లవణాలను గుర్తించడం మా వృత్తి కాదు. అయితే ప్రయోగశాలలో జరిగినదంతా చివరకు ఒక రికార్డు పుస్తకంలో మాటలుగా, అంకెలుగా మారుతుంది. ఆ వ్రాతను బట్టే మార్కులు పడతాయి. కనుక విద్యార్థినుంచి మనము ఏమి ఆశిస్తున్నాము, ఆ మార్కులు దేనికి వేస్తున్నాము అని అడిగే అధికారం భాషాబోధకులకు కూడా కొంత ఉన్నదనుకుంటాము.

అమలాపురంలోగాని, రాజోలులోగాని, కొత్తపేటలోగాని సైన్సు విద్యార్థుల రికార్డులు ఎలా తయారవుతాయో అందరికీ తెలిసిన రహస్యమే. పరీక్షకు వారం రోజుల ముందు ఎవరో సీనియర్ వదలి వెళ్ళిన రికార్డు చేతులు మారుతుంది. అందులో ‘ప్రెసిపిటేట్’ అనే ఆంగ్ల పదంలో ఒక అక్షరం జారిపోయి ఉంటే, ఆ అక్షరం వరుసగా పదిహేను రికార్డులలోనూ జారిపోయి ఉంటుంది. మా బోటివారి కన్ను ముందుగా పడేది దానిమీదనే. అంతకంటె విడ్డూరం అంకెలది. గదినిండా విద్యార్థులు వేర్వేరు బ్యూరెట్లతో అంశమాపనం చేస్తే అందరికీ సరిగ్గా ఒకే రీడింగు వస్తుందా? రికార్డులలో మాత్రం వస్తుంది. రాకపోతే మార్కులు తగ్గుతాయని వారికి తెలుసు. అందువల్ల ముందు జవాబు చూసుకొని, దానికి సరిపడే రీడింగు వెనుకనుంచి వ్రాస్తారు. ఇందుకు విద్యార్థులను నిందించి లాభం లేదు. మనము అడిగినదే వారు తెచ్చి ఇస్తున్నారు.

రసాయన విభాగపు మిత్రులు మాకు చెప్పిన ఒక ఉదాహరణ చూడండి. 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లాన్ని పిపెట్టుతో 20 మి.లీ. తీసి, విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం చేర్చి, వేడిచేసి, 0.02 మోలార్ పొటాషియం పర్మాంగనేటుతో అంశమాపనం చేస్తే లెక్కప్రకారం 20.0 మి.లీ. ఖర్చు కావాలి. కాని పర్మాంగనేటు ద్రావణం నిలవ ఉంటే చెడుతుంది. వెలుతురు సోకినా, నీటిలో సేంద్రియ మాలిన్యమున్నా, కొంత మాంగనీసు డయాక్సైడుగా మారి ద్రావణం బలహీనపడుతుంది. ఎన్నడో తయారుచేసి సీసాలో ఉంచిన ద్రావణంతో ఒక విద్యార్థిని శ్రద్ధగా ప్రయోగం చేస్తే ఆమెకు 20.6 రావచ్చు. ఆమె కొలిచినది ఆనాటి ద్రావణాన్ని. పరీక్షకుని కాగితంమీద ఉన్నది సీసాపై అంటించిన చీటీలోని గాఢతను బట్టి వేసిన లెక్క. పక్క బల్ల దగ్గర బ్యూరెట్టు కొళాయి తిప్పీ తిప్పనట్లుగా నిలబడి 20.0 అని వ్రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు, ఈమెకు కోత. తూకంలో ఇంత తేడా ఏ కొట్టులోనైనా జరిగితే కోనసీమ రైతు ఊరుకుంటాడా?

మన సీమకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. సముద్రానికి చేరువైన మన గ్రామాలు అనేకంలో బోరునీరు ఉప్పన. ఆ నీటితో కడిగి ఊరుకున్న పరీక్షనాళికలో సిల్వర్ నైట్రేట్ నాలుగు చుక్కలు వేస్తే, లోపలి లవణం ఏదైనా సరే, తెల్లగా మబ్బు కమ్ముతుంది. అది క్లోరైడుకు గుర్తు. ఇచ్చిన లవణం జింక్ నైట్రేట్ అనుకుందాము. విద్యార్థికి నైట్రేటును తెలిపే గోధుమరంగు వలయమూ వస్తుంది, క్లోరైడును తెలిపే తెల్లని మబ్బూ కనబడుతుంది. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో తెలియక అతడు పక్కవాని ముఖం చూస్తాడు. చెవిలో ఒక మాట పడుతుంది. మబ్బును కొట్టివేసి ‘నైట్రేట్’ అని వ్రాసి బయటపడతాడు. మరొక విద్యార్థి రెండూ చూసి, అనుమానించి, లవణమేమీ వేయకుండా కడిగిన నీటినే విడిగా పరీక్షించి, అందులోనూ మబ్బు కమ్మడం గమనించి, ఆ సంగతి తన కాగితంపై వ్రాశాడనుకుందాము. మా దృష్టిలో ఆ గదిలో రసాయన శాస్త్రం చదివినవాడు అతడొక్కడే. మన మార్కుల పట్టికలో ఆ పరీక్షకు ఒక గడి లేదు. పైగా కాలాన్ని వృథాచేశాడని గద్దింపు పడినా పడవచ్చు.

చూచినదాన్ని చూచినట్లు వ్రాసినందువల్ల ఏమి ఒరుగుతుందని అడిగేవారికి దూరపు పేర్లు చెప్పనక్కరలేదు. వశిష్ఠ గోదావరికి ఆవల పశ్చిమ డెల్టాలో, భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఉన్నారు. మెట్రిక్యులేషనులో ఆయన మూడవ ప్రయత్నానికి గాని గట్టెక్కలేదు. అమెరికాలో హార్వర్డులో ఫిస్కేతో కలిసి ఫాస్ఫరసును నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతితో కండరపు సారాన్ని పరీక్షిస్తూ ఉండగా నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. మన రికార్డుల పద్ధతిలో అయితే, ‘నీలిరంగు వచ్చినది’ అని వ్రాసి పుట తిప్పి ఉండేవారు. వారు ఆ ఆలస్యాన్ని పట్టుకొని వెంబడించారు. కండరాలకు తక్షణశక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ 1927లో లోకానికి తెలిసినది ఆ విధంగానే.

మన విద్యార్థులందరూ సుబ్బారావులు కానక్కరలేదు. వీరిలో కొందరు పట్టా చేతికి రాగానే చేరే కొలువు రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ల్యాబులలోనే. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు రైతు ఒక సీసాలో చెరువునీరు పట్టుకొని వస్తాడు. క్షారత్వం కొలవడానికి ఆమ్లంతో, కాఠిన్యం కొలవడానికి ఇ.డి.టి.ఎ.తో చేసేది కళాశాలలో నేర్చిన అంశమాపనమే. పి.హెచ్. పెరిగినకొద్దీ నీటిలోని అమ్మోనియా రొయ్యకు మరింత విషమవుతుంది. అక్కడ కూడా ‘ఎంత రావాలి?’ అని ముందుగా విచారించి, అది వేసి ఇచ్చే అలవాటున్న కుర్రవాడు కూర్చుంటే ఆ రైతు సంగతేమిటి? అప్పుచేసి పిల్లను వదలినవానికి ఒక చీటీమీది తప్పుటంకె ఎంత నష్టం తెస్తుందో ఆక్వా ఎరిగిన ఇళ్ళలో పుట్టిన మన విద్యార్థులకు మేము చెప్పవలసిన పనిలేదు.

ఇక భాష సంగతి. 1968లో తెలుగు అకాడమీ స్థాపితమైన తరువాత సైన్సు పాఠ్యగ్రంథాలు తెలుగులో వచ్చాయి. అవక్షేపం, సూచిక, గాఢత వంటి మాటలు అప్పటి విద్యార్థుల నాలుకకు అలవడ్డాయి. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఆంగ్లమాధ్యమమే అయింది. ఆ నిర్ణయపు మంచిచెడ్డల విచారణ ఇక్కడ అప్రస్తుతం. దానివల్ల ప్రయోగశాలలో కలిగిన ఫలితం మాత్రం మాకు కనిపిస్తున్నది. తాను చూచినదాన్ని సొంత ఆంగ్లంలో చెప్పలేని పిల్లవాడు సీనియరు ఆంగ్లాన్ని ఎత్తి వ్రాస్తాడు. వాక్యంతోపాటు అందులోని అంకె కూడా వస్తుంది. మౌఖిక పరీక్షలో ఇంకా ఇబ్బంది. వలయం ఎందుకు వచ్చిందో తెలిసి కూడా మాట రాక నిలబడిపోయేవారు ఉన్నారు. ఉర్దూలో ‘తజురుబా’ అనే ఒకే మాట ప్రయోగానికీ అనుభవానికీ చెల్లుతుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మన విద్యార్థి ఆ మాటతోనో, తెలుగులోనో జవాబు చెబితే విని మార్కు వేయడంలో శాస్త్రానికి ఏ లోపమూ రాదు.

మార్కుల విభజన విశ్వవిద్యాలయం వారిది కదా, కళాశాల ఏమి చేయగలదని యాజమాన్య సంఘం వారు అనవచ్చు. బయటి పరీక్షకుని మార్కులు మన చేతిలో లేవన్నది నిజమే. రికార్డుపై సంతకం చేసే చేయి మాత్రం మన కళాశాలదే. ఆ సంతకం ఏడాది చివర కట్టలకొద్దీ కాక, ప్రయోగం జరిగిన రోజునే, బల్ల దగ్గరనే, చిత్తు పుస్తకంలో పడాలి. రీడింగు సిరాతో వ్రాయాలి. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన వ్రాయాలి, రుద్దరాదు. కొట్టివేత ఉన్న పుటకు మార్కు తగ్గించరాదు. అనుకున్న విలువకు దూరంగా వచ్చినా, ఎందుకు వచ్చి ఉంటుందో రెండు వాక్యాలు వ్రాయగలిగినవానికి, సరియైన విలువ వ్రాసి వివరం చెప్పలేనివానికంటె ఎక్కువ మార్కులు ఇవ్వాలి. ‘మా పిల్లలకు నూటికి నూరు’ అని ప్రకటించుకోవాలనే సరదా ప్రయోగ పరీక్షల విషయంలోనైనా మానుకోవాలి. అందరికీ పూర్తి మార్కులు పడిన చోట బాగా చేసినవాడెవడో మనకే తెలియకుండా పోతుంది.

యాజమాన్యం వారికి మా మనవి ఇంకొకటి. పర్మాంగనేటును పరీక్షనాటి ఉదయమే ప్రమాణీకరించుకోవడానికి రసాయన విభాగం వారికి ఒక గంట వ్యవధి ఇప్పించాలి. వచ్చే సంవత్సరానికి స్వేదనజల యంత్రం కూడా ఒకటి కావాలి. దానికయ్యే ఖర్చు మన వార్షికోత్సవపు పందిరికీ మైకుసెట్టుకూ అయ్యే ఖర్చును మించదని ఆ విభాగపు మిత్రులు లెక్కవేసి మాకు చెప్పారు.