కుక్కరు కూయకపోతే నా తప్పా?

మా ఇంట్లో కుక్కరు కూయకపోతే ఎవరూ కుక్కరు వంక చూడరు. నా వంక చూస్తారు.

"నీళ్ళెక్కువ పోశావేమో!" అంటారు మావారు పేపరు దించకుండానే. "మూత సరిగ్గా పట్టించావుటే అమ్మాయ్?" అంటారు అత్తయ్యగారు పూజగదిలోంచి. "ఇవాళ కూడా పప్పు పలుకేనా అమ్మా?" అంటాడు మా సుపుత్రుడు. ఇరవై రెండేళ్ళుగా ఆ మూత పెడుతున్న చెయ్యి నాది. ఉన్నట్టుండి ఒక బుధవారం పొద్దున్న ఆ చేతికి మతిమరుపు వచ్చిందన్నమాట!

ఈ భవానీపురంలో మా మేడెక్కితే, మబ్బులేని రోజున పడమటివైపు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను పొగగొట్టాలు కనిపిస్తాయి. 1979 నుంచి అక్కడా ఆవిరితోనే పని. ఆ బాయిలర్ల కోసం చట్టం ఉంది. 1923 నాటి పాత చట్టం పోయి, 2025లో కొత్తది వచ్చింది. తనిఖీ అధికారి చూసి సర్టిఫికెట్ ఇస్తే తప్ప బాయిలరు వాడకూడదు. అక్కడ ఆవిరి కారితే ఏ జాయింటు పోయిందా అని వెతుకుతారు గాని, "ఆ ఆపరేటరుకి నీళ్ళు పొయ్యడం రాదండీ" అని ఎవరూ నవ్వరు. 25 లీటర్లకి తక్కువ పట్టేదాన్ని మాత్రం పాత చట్టం బాయిలరుగా లెక్కపెట్టలేదు. మా ఇంటిది అయిదు లీటర్లది. దాని భారమంతా నామీదే పడింది.

నేను బి.ఏ. చదివినదాన్ని. ఫిజిక్సుకీ నాకూ ఆమడ దూరం. అయినా ఇందులో తెలుసుకోవలసింది గోరంతే. మామూలు గిన్నెలో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరిగి ఊరుకుంటాయి. మంట పెంచితే గ్యాసు ఖర్చే గాని వేడి పెరగదు. ఆవిరిని లోపలే బిగబట్టామా, 120 డిగ్రీల దాకా వెడుతుంది. కందిపప్పు అందుకే అంత తొందరగా మెత్తబడుతుంది. ఆ ఆవిరిని పట్టి ఉంచేది మూతలో ఉన్న రబ్బరు రింగు. దానికి రోజూ రెండు పూటలా వేడి, జిడ్డు, చింతపండు పులుపు తప్పవు. ఏడాది తిరిగేసరికి బిరుసెక్కుతుంది, లేదా సాగిపోతుంది. అంచు చుట్టూ ఆవిరి బుసకొడుతుంది. ఇందులో నా పనితనం పాత్ర ఎంతో మీరే చెప్పండి!

కాని నేనేం చేశాను? సిగ్గుపడ్డాను. ఎదురింటావిడ చెప్పిందని రబ్బరుని ఫ్రిజ్జులో పెట్టాను. పిన్నిగారు చెప్పారని మూత చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తాను. ఒకనాడు చుట్టాలొచ్చిన హడావిడిలో మూతమీద రోలు పొత్రమే పెట్టాను. పప్పు ఉడికింది, పరువు దక్కిందనుకున్నాను.

ఇంతలో మూతమీద ఉండే సేఫ్టీ వాల్వు దగ్గర కూడా ఆవిరి కారడం మొదలైంది. వీధిలో కేకేసుకుంటూ వచ్చిన రిపేరు మనిషి "రెండు నిమిషాల్లో అయిపోద్దమ్మా" అని తీసుకుని, కొట్టి, బిగించి ఇచ్చాడు. చుక్క ఆవిరి కారలేదు. కూత కూడా బ్రహ్మాండం. ఆ కూత విని మావారు "చూశావా!" అన్నారు, తనే బాగుచేసినట్టు. నాలుగు నెలలు వండుకు తిన్నాం.

తరువాత హ్యాండిలు ఊగుతోందని వన్‌టౌన్‌లో ఒక పెద్దాయన కొట్టుకి తీసుకెళ్ళాను. ఆయన మూత తిరగేసి చూసి, నా మొహం చూశాడు. "ఇన్నాళ్ళూ దీంట్లోనే వండారా అమ్మా?" అన్నాడు. వాల్వు ఉండాల్సిన చోట ఇనప చీల దిగేసి ఉంది. పప్పు పొట్టు అడ్డుపడి విజిలు గొట్టం మూసుకుపోతే ఆ ఆవిరి పోవడానికి రెండో దారంటూ లేదు. ఆ స్టవ్వు పక్కనే కూచుని మా పిల్లవాడు హోంవర్కు చేసుకునేవాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాకు కోపం వచ్చింది చీల కొట్టినవాడి మీదే కాదు. పప్పు పలుకైందన్న మాట పడలేక, కారుతున్నదాన్ని ఎలాగోలా మూయించిన నామీదా, ఆ మాట అన్నవాళ్ళందరిమీదా.

డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన 1679లో లండన్ రాయల్ సొసైటీ వారికి ఎముకల్ని మెత్తబరిచే ఆవిరి పాత్ర చూపించాడు. మన కుక్కర్లకి అదే ముత్తవ్వ. ఎక్కువైన ఆవిరి పోవడానికి దానికి వాల్వూ పెట్టాడు. ఆ మహానుభావుడు పెట్టినదాన్ని మనం చీలతో మూసుకుంటున్నాం!

2021 ఫిబ్రవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. మార్కు లేని కుక్కరు అమ్మకూడదన్నారు. సంతోషం. కాని ఇంటికొచ్చాక ఆ మార్కుకి కాపలా ఎవరు? అంచున కారితే రబ్బరు మార్చాలి. వాల్వు దగ్గర కారితే ఆ కుక్కరుకి తగిన వాల్వే కొనాలి. వెయిట్ పెట్టేముందు గొట్టంలోంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడాలి. పొంగే పప్పులు సగానికి మించి నింపకూడదు. ఇవేవీ బ్రహ్మవిద్యలు కావు. ఖర్చా? మావారి బండికి ఆయిలు మార్చే ఖర్చులో సగం ఉండదు. ఆ బండికి మాత్రం కిలోమీటర్లు లెక్కపెట్టి మరీ సర్వీసింగు! అది మొరాయిస్తే "పాపం ప్లగ్గు పోయినట్టుంది" అంటారు. ఆ "పాపం" వంటింటి గడప దాటి ఇవతలకి రాదేం?

మొన్న ఆదివారం ఆయన బండి తీసుకుని సర్వీసింగుకి బయల్దేరుతుంటే పాత రబ్బరు చేతిలో పెట్టాను.

"ఇదేమిటోయ్?"

"సైజు కోసం. అయిదు లీటర్లది. వాల్వు కూడా తెండి, కంపెనీదే."

"నాకేం తెలుస్తుందీ ఇవన్నీ?"

"నీళ్ళు ఎక్కువ పోశానని తెలిసిందిగా!" అన్నాను.