లెక్కకు రాని మరణం

మురుగు కాలువలో దిగి ప్రాణాలు కోల్పోయిన కార్మికుని కుటుంబానికి 10 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2023లో దానిని 30 లక్షలకు పెంచింది. మరి ఉద్యోగ జీవితమంతా ఆ మురుగులోనే గడిపి, పదవీ విరమణ చేసి, మంచంలో దగ్గుతూ కన్నుమూసిన వాడు ఏ లెక్కలోకి వస్తాడు?

మా మేనమామ అలాంటి మనిషి. రెల్లి కులంలో పుట్టి ముప్పయ్యేళ్లకు పైగా పురపాలక పారిశుద్ధ్య కార్మికునిగా పనిచేశారు. తెల్లవారకముందే ఆయన కాలువల దగ్గరికి, అత్తయ్య వీధులూడ్వడానికీ వెళ్లేవారు. తిరిగొచ్చాక పెరట్లో రెండు బిందెల నీళ్లు పోసుకుంటేగాని ఆయన గడప దాటేవారు కాదు. పిల్లలను మాత్రం చీపురు ముట్టుకోనిచ్చేవారు కాదు, ఇంట్లోదైనా సరే. నా చదువు ఆ జీతంలో మిగిల్చిన డబ్బుతోనే సాగింది.

పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరొకటి వచ్చాయి. బెజవాడ విల్సన్ వంటివారు దశాబ్దాలుగా పోరాడుతున్నారు. అయినా మురుగులోకి దిగే కులాలు మారలేదు. మామయ్య పెద్దకొడుకు నేడు అవే వీధుల్లో ఔట్‌సోర్సింగ్ కార్మికుడు. తండ్రికి పింఛనైనా దక్కింది. ఇతనికి వచ్చే నెల పని ఉంటుందన్న హామీ కూడా లేదు. దీనిని సంస్కరణ అంటున్నారు!

విరమణ చేసిన కార్మికులకు ఏటా ఊపిరితిత్తుల పరీక్షలు జరిపించాలి. వృత్తి వ్యాధులతో మరణించినవారి కుటుంబాలకూ పరిహారం వర్తించాలి. మామయ్య చివరి ఎక్స్‌రే అత్తయ్య ట్రంకుపెట్టెలో ఉంది. దానిని ఇంతవరకు ఏ అధికారీ అడగలేదు.