ఒక్క గుర్తు చూసి పేరు పెట్టకండి

కత్తుల్లాంటి ఆకులు గుత్తిగా పెరిగిన మొక్క కనబడగానే మనలో చాలామంది "కిత్తనార" అనేస్తారు. అది తోటల్లో పెంచే యుక్కా కావచ్చు. కిత్తనార ఒక్కసారి పూసి చచ్చిపోతుంది, పిలకలే మిగులుతాయి. యుక్కా చాలావరకు మళ్ళీ మళ్ళీ పూస్తుంది. సరే, యుక్కా అని తేలింది. అంతటితో పని అయిపోయిందా? కాలేదనే నా అభిప్రాయం. ఏ జాతి యుక్కాయో తేలాలి. అందుకు ఒక్క గుర్తు చాలదు.

యుక్కాల సొంత ఊరికే వెళ్ళి చూద్దాం. అమెరికాలోని మొహావీ ఎడారిలో జాషువా చెట్టు, మొహావీ యుక్కా, అరటి యుక్కా అనే మూడు రకాలు ఉన్నాయి. కొన్నిచోట్ల ఇవి దగ్గర దగ్గరగానే పెరుగుతాయి. కొమ్మలు చాచిన పెద్ద జాషువా చెట్టును ఎవరైనా గుర్తుపడతారు. కాని కొమ్మలు రాని లేత జాషువా చెట్టు చూడటానికి మొహావీ యుక్కాలాగే ఉంటుంది. అప్పుడు ఎత్తు చూసి లాభం లేదు. ఆకు అంచు చూడాలి. మొహావీ యుక్కా ఆకు అంచున నారపోగులు ఊడివచ్చి చుట్టలు చుట్టుకొని ఉంటాయి. జాషువా చెట్టు ఆకుకు నార ఉండదు. దాని అంచున సన్నని రంపపు పళ్ళు ఉంటాయి. ఆకు కూడా పొట్టిది.

అయితే నార కనబడితే మొహావీ యుక్కా అనేయవచ్చా? అదీ కుదరదు. అరటి యుక్కా ఆకులకూ నార ఉంటుంది! దాని ఆకులు నీలి ఛాయ గల ఆకుపచ్చగా ఉంటాయి. కాండం సాధారణంగా పైకి కనబడదు. మొహావీ యుక్కా ఆకులు పసుపు ఛాయలో ఉంటాయి, పెద్దదైతే కాండం ఏర్పడుతుంది. పూలు కూడా పోల్చి చూడాలి. అరటి యుక్కా పూరేకులు ఎక్కువ పొడవు. చూశారా, ఒక గుర్తు విడిచిన చిక్కును మరొక గుర్తు విప్పుతుంది.

"పేరు ఏదైతేనేం?" అని మీరు అడగవచ్చు. యుక్కాలో పరాగ సంపర్కం జరిపేది చిన్న రెక్కలపురుగు. ఆడ పురుగు పుప్పొడిని ఉండచేసి తెచ్చి, అండాశయంలో గుడ్లు పెట్టి, కీలాగ్రానికి పుప్పొడి అద్దుతుంది. దాని పిల్లలు కొన్ని గింజలు తింటాయి, మిగిలినవి మొలుస్తాయి. 1870లలో చార్లెస్ రైలీ ఈ వింతను వివరించాడు. పడమటి జాషువా చెట్టుకు ఒక జాతి పురుగు, తూర్పు జాషువా చెట్టుకు వేరొక జాతి పురుగు ఉన్నాయి. ఆ రెండు చెట్లనూ వేర్వేరు జాతులుగా లెక్కించే శాస్త్రజ్ఞులున్నారు. అంటే ఒక జాతి చెట్టు పోతే దాన్ని నమ్ముకున్న పురుగు కూడా పోతుంది.

2020 ఆగస్టులో మొహావీలో చెలరేగిన కార్చిచ్చులో సుమారు 13 లక్షల జాషువా చెట్లు కాలిపోయాయని అంచనా. 2023లో కాలిఫోర్నియా రాష్ట్రం పడమటి జాషువా చెట్టును కాపాడే చట్టం చేసింది. అనుమతి లేకుండా దాన్ని నరకకూడదు. మీటరు ఎత్తు కూడా లేని మొక్కకూ ఈ రక్షణ ఉంది. కాని ఆ లేత మొక్కను ఎవరో మొహావీ యుక్కా అని రాసుకుంటే? పేరు తప్పితే రక్షణా తప్పుతుంది!

ఇది నిపుణుల పని అని కొందరంటారు. ఎడారి విశాలం, నిపుణులు కొద్దిమంది. శ్రద్ధగా చూసే కళ్ళు ఎన్ని ఉన్నా తక్కువే. అయితే కోసి, పెరికి చూడనక్కర లేదు. ఆకు పొడవు, అంచు, రంగు, కాండం, పువ్వు, కాయ, చోటు, తేదీ నోటుబుక్కులో రాసుకుంటే చాలు. అప్పటికీ తేలకపోతే "యుక్కా, జాతి తేలలేదు" అని రాయండి. అది ఓటమి కాదు, నిజాయితీ. తప్పు పేరు మరొకరిని కూడా తప్పుదారి పట్టిస్తుంది. ఖాళీగా వదిలిన చోటును రేపు ఇంకొకరు పూరిస్తారు.

మీ బడి తోటలో కత్తుల ఆకుల మొక్క ఉందా? రేపే వెళ్ళి దాని ఆకు అంచు చూడండి.