చెక్కు కాదు, బకాయి సంగతి అడుగుదాం

రైతన్నలారా, 2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచిన్రు. మంచిదే. కానీ బకాయిలు రాలేదని 2025 సెప్టెంబర్‌లో ప్రైవేటు దవాఖానలు సేవలు ఆపినయ్. చేర్చుకునేటోళ్లు లేకపోతే 10 లక్షలైనా, కోటైనా కాయితం మీదనే.

అప్పుడు మనమేం చేస్తం? మిత్తికి తెచ్చి బిల్లు కడతం. ఆ బిల్లులు పట్టుకొని సీఎం సహాయనిధి కోసం ఎమ్మెల్యే చుట్టూ తిరుగుతం. ఖర్చుల కొంత చెక్కు వస్తే దండం పెట్టి ఫొటో దిగుతం. ఆరోగ్యశ్రీ సక్కగ నడిస్తే ఆ చెక్కుతో పనేంది?

వడ్ల పైసలు ఆలస్యమైతే రోడ్డెక్కుతం. దీనికెందుకు ఎక్కం?

ఈసారి ఎమ్మెల్యే ఊరికొస్తే ఒక్కటే అడుగుండ్రి: "సారూ, దవాఖానల బకాయి ఎంత, ఎప్పుడు కడ్తరు? అసెంబ్లీల అడిగినవా?" పార్టీలు పక్కనపెట్టి, ఊరంతా సంతకాలు చేసిన కాయితం చేతిలో పెట్టుండ్రి.