ఇందూరు సీమ కట్టడములు: మా ప్రణాళిక

ఇందూరని పాత పేరు గల నిజామాబాదు పట్టణమందును, బోధను చెఱకు సీమయందును ప్రజాధనముతో లేచు ప్రతి కట్టడమునకు నక్షా గీయుటలో ఈ నేల నెఱిగిన వాస్తుశిల్పికి తగిన పాలుండవలెనని, ఇచ్చట వృత్తి సాగించుచున్న వాస్తుశిల్పులము, ఇంజనీర్లము, సుతారి మేస్త్రులము కూడి ప్రకటించుచున్నాము.

ఈ సీమలో చెఱకు విస్తరించినది నిజాంసాగరము చలవవలన. 1923లో మొదలై 1931లో ముగిసిన ఆ ఆనకట్టను మంజీరపై నిలిపిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు ఇంగ్లండులో చదివి వచ్చిన హైదరాబాదు బిడ్డ. ఆ నీటి అండతోనే బోధను శక్కర్‌నగరమున నిజాం చక్కెర కర్మాగారము వెలసి, ఒకప్పుడు ఆసియాలో మిక్కిలి పెద్దదిగా పేరొందెను. ఉస్మానియా ఆర్ట్స్ కళాశాలకు బెల్జియము దేశపు వాస్తుశిల్పి ఎర్నెస్టు జాస్పరును పిలిపించినప్పుడు సైతము ఇచ్చటి నిపుణులైన జైన్ యార్ జంగు, సయ్యద్ అలీ రజాలను ముందుగా దేశదేశములు చూచిరమ్మని పంపియుండిరి. రాచఱికమునకు కలిగిన ఈ మెలకువ ప్రజాపాలనమునకు కలుగకుండుట తగదు.

పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థయు, గృహనిర్మాణ సంస్థయు ప్రజల సొత్తు. అయినను ఇట్టి సంస్థల టెండరులలో టర్నోవరు ఇంత యుండవలెననియు, ఇంత పెద్ద పని మునుపే చేసియుండవలెననియు నిబంధనలు పెట్టినచో, జిల్లాలోని వాస్తుశిల్పి గడప దాటకమునుపే వెనుదిరుగవలసినదే. పెద్ద పని ఈయనిదే పెద్ద పని చేసిన అనుభవ మెట్లు కలుగును? అమరావతి రాజధాని నక్షాలకు టోక్యోనుండి మాకి, పిదప లండనునుండి ఫోస్టరు సంస్థలు వచ్చినవి. వారి ప్రతిభను మేము తక్కువ చేయము. కాని ఊరి వాడకట్టులోని ఇంటికి కావలసినది వేఱొక తెలివి.

ప్రభుత్వము పేదలకు కట్టించిన 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూము ఇంటిని చూడుడు. ఈ జిల్లాలో వేలాది స్త్రీలకు బీడీలే బ్రతుకుతెరువు. తడిపిన తునికాకును కత్తెరతో అచ్చుకు సరిగా కత్తిరించి, ఒడిలో చాట నుంచుకొని, తంబాకు పోసి చుట్టి, దారము కట్టు ఆ తల్లికి పగలెల్ల వెలుతురును గాలియు గల అరుగు కావలెను. అరుగు లేని ఇంట ఆమె పడకగదిలోనే కూర్చుండును. ఆ తంబాకు దుమ్ము నిద్రించు పిల్లల ఊపిరిలోనికి పోవును. బోధను నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెఱ్ఱెలు వాఱును. పునాది దాని నెఱుగనిచో రెండు మూడేండ్లకే గోడ పగులును. ఇవి ఈ ఊళ్లలో తిరిగినవానికే ముందుగా తట్టు సంగతులు.

కావున మా కోరిక యిది. 1972 వాస్తుశిల్పుల చట్టము క్రింద నమోదై, ఈ జిల్లాలో పని చేయుచు, కట్టిన పిదపను పిలిచిన పలుకువాడెవడైనను, ఎచ్చట పుట్టినను, మాకు స్థానికుడే. పాఠశాల, అంగన్‌వాడి, పేదల ఇండ్ల వంటి పనులను టర్నోవరు నిబంధన లేకుండ బహిరంగ నమూనా పోటీచే ఈయవలెను. ఆ ఇండ్లలో నుండబోవువారు తీర్పరులలో నుండవలెను. తీర్పునకు కారణములు అచ్చువేయవలెను. పెద్ద పనులకు బయటి సంస్థ వచ్చిన, స్థానికుని పేరును రుసుమును ఒప్పందముననే చూపవలెను. మావంతుగా, తీర్పరులకు బంధువైనవాడు పోటీకి రాడు. మా నక్షాలో దోషము తేలినచో రుసుము పుచ్చుకొనక దిద్దెదము.

2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరులో మూతబడిన బోధను కర్మాగారమును తిరిగి తెఱచుటకు ప్రభుత్వ మెన్నడు పూనినను, శక్కర్‌నగరపు పాత క్వార్టరులను, షెడ్లను కూల్చకమునుపు ఒక్కొక్కటిగా కొలిచి, నిలుపదగినవేవో తేల్చి, నక్షాలు వ్రాసి ఉచితముగా నిచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము.